‘గ్యాస్’ అన్న ఒక్క మాట వెనక

1982. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం. రాబిన్ వారెన్ అనే పెథాలజిస్టు, బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు కలిసి ఒక బ్యాక్టీరియా వెంట పడ్డారు. కడుపులో వాపు, పుండ్లు ఉన్నవాళ్ల జీర్ణాశయం నుంచి తీసిన చిన్న ముక్కల్లో, మైక్రోస్కోపు కింద, వంకర్లు తిరిగిన క్రిములు కనిపిస్తున్నాయి. ల్యాబులో పెంచుదామంటే మాత్రం పెరగడం లేదు. రెండు రోజులు చూసి, ఏమీ రాలేదని ప్లేట్లు పారేస్తున్నారు. ఇంతలో ఈస్టర్ సెలవులొచ్చాయి. ప్లేట్లు ఇంక్యుబేటర్‌లోనే ఇంకొన్ని రోజులు ఉండిపోయాయి. సెలవులయ్యాక తీసి చూస్తే, వాటి మీద నీటి చెమ్మలా మెరిసే సన్నటి చుక్కలు. అది నెమ్మదిగా పెరిగే క్రిమి. రెండు రోజులు దానికి చాల్లేదంతే.

తర్వాత దానికి హెలికోబ్యాక్టర్ పైలోరీ అని పేరు పెట్టారు. అల్సర్‌కి కారణం అదేనంటే ఎవరూ నమ్మలేదు. టెన్షన్ వల్ల, కారం వల్ల, ఎక్కువైన యాసిడ్ వల్ల అల్సర్ వస్తుందని అప్పటిదాకా అందరి నమ్మకం. 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగేశాడు. కొద్ది రోజులకే వాంతులు మొదలయ్యాయి. ఎండోస్కోపీ చేయిస్తే, అంతకుముందు శుభ్రంగా ఉన్న జీర్ణాశయం వాచిపోయి ఉంది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ ఇద్దరికన్నా ముందు రోగులే కళ్లముందు మెదులుతారు. యాసిడ్ తగ్గించే మాత్ర వేసుకుంటే పుండు మానేది, మాత్ర ఆపేస్తే మళ్లీ వచ్చేది. ‘టెన్షన్ తగ్గించుకో’ అన్న సలహా విని, తప్పంతా తమదే అనుకుంటూ ఇంటికి వెళ్లినవాళ్లు ఎందరో! అసలు కారణానికి తగిన యాంటీబయాటిక్స్, వాటితోపాటు యాసిడ్ మాత్ర, రెండు వారాలు వాడితే చాలామందిలో అల్సర్ మళ్లీ రాదు. మాత్ర ఇచ్చిన ఉపశమనం నిజమే. ‘ఎందుకొస్తోంది?’ అన్న ప్రశ్న ఒక్కటే మిగిలిపోయింది.

ఆ ప్రశ్న ఇవాళ్టికీ చాలా ఇళ్లలో మిగిలిపోయే ఉంది. కడుపులో ఏమైనా సరే ‘గ్యాస్’ అనేస్తాం. పడుకోగానే గొంతు దాకా మంట ఎగదన్నడం ఒక సంగతి. అన్నవాహిక అడుగున ఉండే కండరం బిగుతు తప్పి, యాసిడ్ పైకి వస్తోందన్నమాట. పాలు తాగిన గంటా రెండు గంటలకు పొట్ట గుడగుడలాడటం ఇంకో సంగతి. పాలలోని ల్యాక్టోజ్ అనే చక్కెరను విడగొట్టే ఎంజైము, పసితనం దాటాక, ప్రపంచంలో మూడింట రెండొంతుల మందిలో తగ్గిపోతుంది. అరగని ఆ చక్కెర పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి వాయువు చేస్తుంది. మొదటిదానికి రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య రెండు మూడు గంటలు ఎడం ఉంచడం, మంచం తలవైపు కాస్త ఎత్తు చేయడం పనికొస్తాయి. రెండోదానికి అవి ఎందుకూ కొరగావు. రెంటికీ ఒకే మాత్ర మింగుతూ పోతే ఏం లాభం?

సీలియాక్ జబ్బు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తొందరపాటు దెబ్బ తీస్తుంది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ తగిలితే కొందరిలో రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. విల్లెమ్ డికే అనే డచ్ పిల్లల డాక్టరు గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న ముడిని విప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో తిండికి కటకటగా ఉండి రొట్టె దొరకని రోజుల్లో ఈ పిల్లలు కోలుకోవడం, రొట్టె మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టడం ఆయన గమనించాడు. ఇప్పుడు రక్తపరీక్షతో దీన్ని పట్టుకోవచ్చు. కానీ ఎవరో చెప్పారని ముందే గ్లూటెన్ మానేసి, ఆ తర్వాత పరీక్షకు వెళ్తే జబ్బు ఉన్నా లేనట్టే కనిపించవచ్చు. ముందు పరీక్ష, తర్వాతే పథ్యం.

చాలామంది కలలో కూడా అనుమానించనివి, రోజూ వేసుకునే వేరే మందులు. ఐరన్ మాత్రలు మలబద్ధకం తెస్తాయి. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ విరేచనాలు తెప్పించగలదు. కొన్ని రకాల బీపీ మందులు పేగు కదలికను మందగింపజేస్తాయి. కీళ్లనొప్పులకు ఏళ్ల తరబడి మింగే ఐబుప్రొఫెన్ లాంటివి జీర్ణాశయానికి పుండ్లు పెడతాయి. పైలోరీ తర్వాత అల్సర్‌కి రెండో పెద్ద కారణం అవే. మందులే కాదు, థైరాయిడ్ తగ్గితే పేగులు నెమ్మదిస్తాయి, పెరిగితే పరుగెడతాయి. పిత్తాశయం తీయించుకున్న కొందరిలో పైత్యరసం పెద్దపేగులోకి ఎక్కువగా చేరి నీళ్ల విరేచనాలవుతాయి. దానికి విడిగా మందుంది. ఇంకొందరిలో, ముక్కేటప్పుడు సడలాల్సిన కటి కండరాలు తిరగబడి బిగుసుకుంటాయి. ఎన్ని విరేచనం మాత్రలు వేసినా వాళ్ల మలబద్ధకం పూర్తిగా తీరదు. ఆ కండరాలను సడలించడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణతో చాలామంది బాగుపడతారు.

అన్ని పరీక్షలూ చేశాక ‘రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు’ అంటారే, ఆ మాట నాకు మింగుడుపడదు. నొప్పి ఉన్నవాళ్లకి ‘ఏం లేదు’ ఎలా అవుతుంది? ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే పేగు సమస్యలో పేగు గోడ చూడటానికి మామూలుగానే ఉంటుంది, దాని పనితీరు మారుతుంది. పేగుల గోడల్లో కోట్లాది నరకణాలున్నాయి. మెదడుకూ పేగుకూ మధ్య కబురు రెండువైపులా నడుస్తుంది. ఐబీఎస్‌లో మామూలు కదలిక, మామూలు వాయువు కూడా నొప్పిగా తెలుస్తాయి. కొందరికి ఇది ఒక ఇన్ఫెక్షన్ తర్వాత మొదలవుతుంది. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో తాగునీరు కలుషితమై వేలమంది జబ్బుపడ్డారు. ఏళ్ల తర్వాత చూసినా, అప్పట్లో జబ్బుపడ్డవాళ్లలో ఐబీఎస్ మిగతావాళ్లలో కన్నా ఎక్కువగా కనిపించింది. ఇన్ఫెక్షన్ ఎప్పుడో పోయింది, పేగు మాత్రం తేరుకోలేదు. టెన్షన్ దీన్ని పెంచుతుంది, నిజమే. అంతమాత్రాన నొప్పి ఊహలోంచి పుట్టినట్టు కాదు.

కారణం వెతకడానికి ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. ఒక నోటుబుక్కులో రెండు వారాలు రాయండి: తిన్నది, తిన్న టైము, బాధ మొదలైన టైము, విరేచనం తీరు, నిద్ర, వేసుకున్న మందులు. ఒక పేజీ ఇలా ఉండొచ్చు. “7:30 పాలు. 9:00 ఉబ్బరం. మధ్యాహ్నం బాగానే ఉంది. రాత్రి 10:15 భోజనం, 10:40 పడక. 1:00కి మంటతో మెలకువ.” ఈ నాలుగు ముక్కల్లో రెండు వేర్వేరు సమస్యలున్నాయి. నోటితో చెప్పేటప్పుడు రెండూ కలిసి ‘ఎప్పుడూ గ్యాసే డాక్టర్ గారూ’ అయిపోతాయి. అనుమానం ఉన్న పదార్థాన్ని కొన్నాళ్లు ఆపి, మళ్లీ తిని చూడటం కూడా ముఖ్యం. ఆ రెండో సగం వదిలేసి, ఒక్కొక్కటే మానుకుంటూ పోయి, చివరికి నాలుగైదు పదార్థాలతో బతుకుతూ చిక్కిపోయేవాళ్లున్నారు.

మలంలో రక్తం లేదా నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టమవడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, యాభై దగ్గరపడ్డాక కొత్తగా మారిన మలవిసర్జన తీరు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్. వీటిలో ఏదున్నా నోటుబుక్కు నిండేదాకా ఆగకండి, వెంటనే డాక్టరుకి చూపించుకోండి.

యాసిడ్ మాత్రలు నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. ఒక్కసారిగా ఆపేస్తే అణిగి ఉన్న యాసిడ్ కొన్నాళ్లపాటు మామూలుకన్నా ఎక్కువగా ఊరుతుంది. ఆ మంట చూసి ‘నాకు ఈ మాత్ర జన్మంతా తప్పదు’ అనుకుని మళ్లీ మొదలుపెట్టేస్తారు. సాధారణంగా అది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. రక్తస్రావం ప్రమాదం ఉన్నవాళ్లు, నొప్పి మాత్రలు మానలేనివాళ్లు యాసిడ్ మాత్రను కొనసాగించాల్సి రావచ్చు. మిగతావాళ్లు డాక్టరుతో మాట్లాడి డోసు మెల్లమెల్లగా తగ్గించుకోవచ్చు. ఆ వారాల్లో కూడా నోటుబుక్కు రాస్తే, వచ్చిన మంట తిరగబెట్టిన జబ్బో, మాత్ర ఆపినందుకు వచ్చినదో డాక్టరుకి పోల్చుకోవడం తేలికవుతుంది.