కాటుక నలుపు, గొడుగు నలుపు

గుంటూరు నుంచి ఒక కుర్రాడు అడిగాడు. పెళ్లి ఫొటోలు తీస్తాడట. "సార్, నీళ్లు పాలలా కనపడాలని పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ కొన్నాను. ఫొటోలన్నీ వంకాయ రంగుకి తిరుగుతున్నాయి. వైట్ బ్యాలెన్స్ ఎంత సరిచేసినా ఏదో ఒక మూల ఆ రంగు ఉండిపోతోంది. సెన్సర్ పాడైందంటారా?"

ఎన్‌డీ ఫిల్టర్ అంటే వెలుతురు తగ్గించడానికి లెన్స్ ముందు బిగించే నల్లద్దం. ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది. వైట్ బ్యాలెన్స్ అంటే తెల్లది తెల్లగా కనపడేలా ఫొటో రంగుల్ని సరిచేయడం. సెన్సర్‌కి ఏమీ కాలేదు బాబూ. నువ్వు చెప్పిన ఆ "ఏదో ఒక మూల" అన్న మాటలోనే అసలు విషయం ఉంది.

పోయిన వర్షాకాలం విజయవాడ పద్మావతి ఘాట్‌లో నాకూ ఇదే ఎదురైంది. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారు. తెల్లవారుజామున షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతు తెరిస్తే సరిపోయే వెలుతురు. పది స్టాపులంటే 1024 రెట్లు తగ్గింపు కాబట్టి 34 సెకన్లు తెరిచి ఉంచాను. నీళ్లు దూదిలా బాగానే వచ్చాయి. కానీ మెట్ల మీద పూలమ్మే ఆమె నల్ల గొడుగు ఫొటోలో ద్రాక్షపండు రంగులో ఉంది. దాన్ని ఆనించి పెట్టిన సైకిల్ టైరు మాత్రం నల్లగానే ఉంది. కంటికి రెండూ ఒకటే నలుపు. ఒకే ఫొటో, ఒకే ఫిల్టర్, జానెడు దూరం. ఆ రెండు నలుపులూ నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

ముందుగా ఒకటి గట్టిగా పట్టుకోవాలి. ఫిల్టర్ రంగు వేయదు. కాంతిని ఆపుతుంది, అంతే. అన్ని రంగుల్నీ సమానంగా ఆపితే ఏ గొడవా లేదు. సమానంగా ఆపలేకపోవడమే మనకి రంగులా కనపడుతుంది.

ఎంత తేడా ఉంటే ఇంత రంగు వస్తుంది? చాలా కొంచెం చాలు. చక్రవడ్డీ తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పది స్టాపుల ఫిల్టర్ అంటే ఒకదాని వెనక ఒకటి పది పొరలు అనుకోండి, ఒక్కో పొర సగం కాంతిని ఆపేస్తుంది. ఆకుపచ్చ నూటికి 50 దాటుతోంది, ఎరుపు నూటికి 52 దాటుతోంది అనుకుందాం. ఒక పొర దగ్గర ఎరుపు నాలుగు శాతమే ఎక్కువ. కంటికి ఆనదు. రెండో పొరలో ఆ ఎక్కువ మీద మళ్లీ నాలుగు శాతం. అలా పదో పొర దాటేసరికి ఎరుపు 1.48 రెట్లు. అంటే దాదాపు ఒకటిన్నర. అప్పు కాగితం మీద నూటికి నాలుగు చిన్న అంకెలాగే ఉంటుంది, పదేళ్లకి అసలులో సగమంత వడ్డీ వచ్చి కూర్చుంటుంది. అందుకే మూడు స్టాపుల ఫిల్టర్‌తో ఎవరూ ఇబ్బంది పడరు. ఆరు దాటాకే టెన్షన్ మొదలవుతుంది.

ఫిల్టర్ అంచు మీద 3.0 అని రాసి ఉంటుంది చూడండి. అది వెయ్యికి లాగరిథమ్. ఇంటర్లో లాగ్ టేబుళ్లు తిరగేయడం నేర్పుతారు కానీ, పొరల్లా పేరుకునే గుణకారాన్ని కూడికగా మార్చడానికే లాగరిథమ్ పుట్టిందని చెప్పేవాళ్లు తక్కువ. ఒక స్టాపు 0.3, మూడు స్టాపులు 0.9, పది స్టాపులు 3.0. ఒక్క ఫిల్టర్ చేతికిచ్చి ఈ పాఠం చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఇప్పుడు గొడుగు సంగతి. కంటికి కనపడే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకే. కెమెరాలోని సిలికాన్ మాత్రం దాదాపు 1100 దాకా చూస్తుంది. 700 పైనున్న, కంటికి కనపడని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని ఆపడానికి కంపెనీవాళ్లు సెన్సర్ ముందు ఒక అద్దం బిగిస్తారు. మామూలు వెలుతురులో అది సరిపోతుంది. కానీ ఎన్‌డీ ఫిల్టర్లలో వాడే చాలా అద్దకాలు కంటికి కనపడే కాంతినే ఆపుతాయి, పరారుణానికి దాదాపు గాజులాగే ఉంటాయి. మన చక్రవడ్డీ లెక్కే మళ్లీ చేయండి. ఒక్కో పొర పరారుణాన్ని నూటికి 90 వదిలితే, పది పొరల తర్వాత 35 మిగులుతుంది. కనపడే కాంతి అక్కడ మిగిలేది 0.1. అంటే లెన్స్ దగ్గర పరారుణం వాటా సుమారు 350 రెట్లు పెరిగింది. సెన్సర్ ముందున్న అద్దాన్ని ఈ వరదకి తయారుచేయలేదు. 700 అంచున, ఎరుపు పిక్సెళ్లు బాగా స్పందించే చోట, కొంత లోపలికి జారుతుంది.

టైరులో ఉన్నది మసి, అంటే కార్బన్. అది పరారుణాన్ని కూడా మింగేస్తుంది. మన అమ్మమ్మలు ఆముదం దీపం మీద పట్టిన కాటుకదీ ఆ నలుపే. గొడుగు గుడ్డది అద్దకపు నలుపు. మన కంటి పరిధి దాటగానే ఆ రంగు పని ఆగిపోయి, గుడ్డ పరారుణాన్ని తెల్ల చొక్కాలా తిప్పికొడుతుంది. చెట్ల ఆకులూ అంతే. పత్రహరితం 700 దాకా ఎరుపుని తాగేస్తుంది, ఆ పైన వచ్చినదాన్ని తాగదు, దాన్ని ఆకు లోపలి కణాల అమరిక సగం దాకా వెనక్కి పంపేస్తుంది. అందుకే ఆ ఫొటోలో వేపచెట్టు పండుటాకుల చెట్టులా ఉంది.

మరి వైట్ బ్యాలెన్స్ ఎందుకు ఓడిపోయింది? వైట్ బ్యాలెన్స్ చేసేది గుణకారం. ఎరుపుని ఇంత, నీలాన్ని ఇంత అని హెచ్చిస్తుంది. చక్రవడ్డీ వల్ల వచ్చిన తప్పు కూడా గుణకారమే కాబట్టి అది చక్కగా పోతుంది. పరారుణం వల్ల వచ్చేది కూడిక. తెల్ల చొక్కా ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో 100, 100, 100 అనుకుందాం. గొడుగు 2, 2, 2. రెండింటి మీదా పరారుణం 6, 1, 1 కలిపింది. చొక్కా 106, 101, 101 అయింది. గొడుగు 8, 3, 3. చొక్కాని సరిచేయడానికి ఎరుపుని 0.953తో హెచ్చించాం. చొక్కా తెల్లబడింది. గొడుగు 7.6, 3, 3 దగ్గరే ఉంది. ఇంకా ఎరుపే రెట్టింపు పైన! నువ్వు చూసిన ఆ మూల ఇదే. ఏ స్లైడర్‌తో జరిపినా పోదు.

కాబట్టి రా ఫార్మాట్‌లోనే, అంటే సెన్సర్ చూసింది చూసినట్టు దాచే ఫైలుగానే తియ్యి. ఫిల్టర్ పెట్టుకునే, అదే వెలుతురులో, గ్రే కార్డుని (ఏ రంగూ కలవని బూడిద రంగు అట్టని) ఒక ఫొటో తీసి దానితో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ చేసుకో. ఫిల్టర్ లేకుండా కూడా ఒకటి తీసి పెట్టుకుంటే ఇంటికొచ్చాక పోల్చుకోవచ్చు. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా అయితే వ్యూఫైండర్ మూసెయ్యి, వెనక నుంచి కూడా వెలుతురు దూరుతుంది. పరారుణానికి మాత్రం మందు ఒక్కటే, దాన్ని లెన్స్ ముందే ఆపడం. పలుచని లోహపు పూత వేసిన ఫిల్టర్లు, ఐఆర్ఎన్‌డీ అని అమ్మేవి, అందుకే ఖరీదు ఎక్కువ.

ఒక్క మాట చెప్పకపోతే నాకు మనసు ఒప్పదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా వెళ్లినప్పుడు తలుపులు వేసుకుని కూర్చున్న ఇళ్లు ఎన్నో. ఆ భయం అక్కర్లేనిది. కానీ ఇప్పుడు దానికి రెండో కొసకి వెళ్లి, నల్లగా ఉంటే చాలని ఏ అద్దం పడితే అది కంటికి పెట్టుకుంటున్నారు. ఈ ఎన్‌డీ ఫిల్టర్‌లోంచి సూర్యుణ్ణి ఎప్పుడూ చూడొద్దు. వెలుతురు తగ్గిందని కనుపాప విప్పారుతుంది, పరారుణం నేరుగా లోపలికి పోతుంది. రెటీనాకి నొప్పి తెలియదు. గ్రహణానికి ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న అద్దాలే వాడాలి.

నీ ఫిల్టర్ ఎలాంటిదో తెలుసుకోవడానికి టీవీ రిమోట్ చాలు. బ్లూటూత్‌ది కాకుండా పాత రకం కావాలి, దాని బల్బు వదిలేది పరారుణమే. ఫిల్టర్‌ని బల్బుకి ఆనించి, చుట్టూ వేళ్లతో మూసి, సౌండ్ బటన్ నొక్కి చూడు. కంటికి తారులా నల్లగా ఉన్న నా పాత ఫిల్టర్‌లోంచి టీవీ సౌండ్ హాయిగా పెరిగింది. ఈ మధ్య కొన్న పూత ఫిల్టర్ పెట్టి నాలుగుసార్లు నొక్కాను, పెరగలేదు.