రిడండెన్సీకి ముందు యూనియన్‌తో చర్చ: బ్రిటన్‌లో మనవాళ్ల అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండ్‌లో నేను ఉద్యోగం చేస్తూనే యూనియన్ రెప్‌గా (ఉద్యోగుల ప్రతినిధిగా) కూడా ఉంటాను. ఏదైనా కంపెనీలో ‘రీస్ట్రక్చరింగ్’ అన్న మాట వినపడిందంటే చాలు, రిడండెన్సీ (పని లేదంటూ ఉద్యోగాలు తీసేయడం) భయంతో నాకు ఫోన్లు మొదలవుతాయి. తెలుగువాళ్లు ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, వీళ్లు ఇలా తీసేయొచ్చా?"

అపోహ: యూనియన్ ఒప్పుకోకపోతే ఎవరినీ తీసేయలేరు.

తీసేయగలరు. మన దేశంలో పెద్ద ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి కాబట్టి ఇక్కడా అలాంటిదేదో ఉంటుందనుకుంటారు. ఇక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1992 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం 188వ సెక్షన్ అడిగేది సంప్రదింపులు. అవైనా ఊరికే కూర్చుని టీ తాగి లేచిపోవడానికి కాదు. తొలగింపులు తప్పించొచ్చా, సంఖ్య తగ్గించొచ్చా, పోయేవాళ్లకి దెబ్బ తగ్గించొచ్చా అన్న మూడింటి మీదా ఒప్పందానికి రావాలనే ఉద్దేశంతో మాట్లాడాలి.

అపోహ: మీటింగ్ పెట్టి చెప్పేశారు కదా, కన్సల్టేషన్ అయిపోయినట్టే.

నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే. పెళ్లి చేసేసి ముహూర్తం అడిగినట్టుంటుంది వ్యవహారం. 90 రోజుల్లోపు ఒకే చోట 20 నుంచి 99 మందిని తీసేసే ప్రతిపాదన ఉంటే, మొదటి తొలగింపుకి కనీసం 30 రోజుల ముందే చర్చలు మొదలవ్వాలి. 100 మంది, ఆపైన అయితే 45 రోజులు. నోటీసు లెటర్లు చర్చలు ముగిశాకే ఇవ్వాలని 2005లో యూరప్ కోర్టు తేల్చింది.

చర్చకు ముందు కారణాలు, ఎంతమంది, ఏయే పనులవాళ్లు, ఎలా ఎంపిక చేస్తారు, డబ్బు ఎలా లెక్కకడతారు అన్నీ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం చేతికి రాగానే నేను ముందు చూసేది తేదీ. ఒకసారి హెచ్‌ఆర్ వాళ్లు ‘ప్రతిపాదన’ అంటూ స్లైడ్లు చూపించారు. మూడో స్లైడ్‌లో కొత్త టీమ్ చార్ట్. పెట్టెల్లో పేర్లు కూడా నింపేశారు. మిగిలిన పదకొండు మంది పేర్లు ఎక్కడా లేవు. "ఇది ప్రతిపాదనా, నిర్ణయమా?" అని అడిగాను. హెచ్‌ఆర్ వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇంకో రకం కంపెనీలూ ఉన్నాయి. 2022 మార్చి 17న పీ అండ్ ఓ ఫెర్రీస్ 786 మంది ఓడ సిబ్బందిని ఒక వీడియో మెసేజ్‌తో తీసేసింది. యూనియన్లతో సంప్రదించాలని తెలుసని, ఏ యూనియనూ ఒప్పుకోదు కాబట్టి వద్దనుకున్నామని వారం తర్వాత కంపెనీ అధిపతి ఎంపీల ముందే చెప్పాడు. చట్టం తప్పితే ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకుని డబ్బు కట్టేశారన్నమాట. అప్పట్లో ఉద్యోగ వివాదాలు తేల్చే ట్రిబ్యునల్ వేయగలిగిన ప్రొటెక్టివ్ అవార్డు (సంప్రదించనందుకు ఉద్యోగులకు ఇప్పించే పరిహారం) గరిష్ఠంగా మనిషికి 90 రోజుల జీతం. 2025 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టం దాన్ని 180 రోజులకు పెంచింది. ఆ లెక్క ఇప్పుడు అంత తేలిగ్గా కుదరదు.

అపోహ: నేను మెంబర్ని కాదు, నాకు సంబంధం లేదు.

మీ పని కేటగిరీకి కంపెనీ గుర్తించిన యూనియన్ ఉంటే, అది మెంబర్లు కానివాళ్ల తరఫున కూడా మాట్లాడుతుంది. యూనియన్ లేనిచోట ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధులతో మాట్లాడాలి.

అపోహ: పంతొమ్మిది మందినే తీసేస్తున్నారు, కాబట్టి రూల్ వర్తించదు.

లెక్క మీరే సరిచూసుకోండి. కంపెనీ కోతకు స్పందించి ‘వాలంటరీ’గా వెళ్లేవాళ్లు కూడా అందులోకి వస్తారు. పదహారు మందిని తీసేసి, ఆరుగురిని వాలంటరీ అంటే మొత్తం ఇరవై రెండు. ‘ఒకే చోట’ అన్న మాట దగ్గర మాత్రం చాలామంది దెబ్బతిన్నారు. వూల్‌వర్త్స్ దుకాణాలు మూతపడినప్పుడు, 20 మంది కంటే తక్కువున్న షాపుల్లో పనిచేసిన దాదాపు 3,200 మందికి ప్రొటెక్టివ్ అవార్డు రాలేదు. ఒక్కో షాపూ ఒక్కో చోటే అని 2015లో యూరప్ కోర్టు అంది. సంస్థ మొత్తం మీద లెక్క చూసే ఏర్పాటు 2025 చట్టంలో ఉంది. నిజంగా 20 లోపే అయినా, మీతో విడిగా మాట్లాడకుండా తీసేస్తే అది అన్యాయపు తొలగింపు కావచ్చు.

అపోహ: కంపెనీ దివాలా తీస్తే ఈ బాధ్యత ఉండదు.

దివాలా ఒక్కటే సాకుగా చాలదని 1978లోనే కోర్టు చెప్పింది. హఠాత్తుగా మీద పడిన ఉపద్రవం వేరు, నెలల తరబడి మునుగుతున్నది వేరు.

అపోహ: రెండేళ్లు నిండలేదు, పైగా వీసా మీద ఉన్నాం, మనకెందుకు?

రెండేళ్ల నిబంధన చట్టబద్ధమైన రిడండెన్సీ పేమెంట్‌కి. ప్రొటెక్టివ్ అవార్డుకి అది లేదు, మర్నాడే ఇంకో ఉద్యోగం దొరికినా వస్తుంది. వీసాతోనూ సంబంధం లేదు. కాకపోతే భయం మాత్రం నిజమే. వీసాకి స్పాన్సర్ చేసిన కంపెనీలో ఉద్యోగం పోతే వీసాకి మామూలుగా 60 రోజులే మిగులుతాయి. ఆ టెన్షన్‌లో నోరు మూసుకుని వెళ్లిపోయేవాళ్లని చాలామందిని చూశాను.

నేను చెప్పిన ఆ మూడో స్లైడ్‌ని ఫోన్లో ఫోటో తీసింది అలాంటి కుర్రాడే. చేరి ఏడు నెలలే. మీటింగ్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి వాట్సాప్‌లో పంపి, "అన్నా, నా పేరు రాకుండా చూడు" అన్నాడు. స్లైడ్ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న తేదీ, చర్చలు ‘మొదలైన’ రోజుకి మూడు వారాల ముందుది.