ఇసినోఫిల్‌కు తిండి ఆపితే ఉబ్బసం తగ్గుతుందా?

ఇన్‌హేలర్ క్రమం తప్పకుండా వాడుతున్నా ఉబ్బసం అదుపులోకి రానివారికి కొన్ని వారాలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్లు వచ్చాయట కదా, మరి వాటిని రోగులందరికీ ఎందుకు ఇవ్వరు అని ఒక పాఠకుడు అడిగారు. ఖరీదు ఒక కారణమే గానీ, అంతకంటే ఆసక్తికరమైన కారణం రోగి రక్తంలో, కఫంలో ఉంటుంది.

ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందు బిగుసుకున్న శ్వాసనాళాలను నిమిషాల్లో సడలిస్తుంది కనుక, జబ్బంతా ఆ బిగువులోనే ఉందని అనుకోవడం సహజం. కానీ దాని వెనుక నాళాల గోడల్లో ఏళ్ల తరబడి సాగే ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) ఉంటుంది. దాన్ని అణచడానికే రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇస్తారు. అలవాటు పడిపోతామన్న భయంతో చాలామంది సరిగ్గా ఈ మందునే మానేస్తుంటారు. మానితే ఆయాసం తిరిగి రావడానికి కారణం అలవాటు కాదు, లోపల జబ్బు అలాగే ఉండటం.

ఈ ఇన్‌ఫ్లమేషన్ అందరిలో ఒకే తీరుగా ఉండదు. చాలామందిలో ముఖ్యపాత్ర ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణానిది. పాల్ ఎర్లిక్ 1879లో రంగులద్ది గుర్తించిన ఈ కణం సూక్ష్మదర్శిని కింద రెండు తమ్మెల కేంద్రకంతో, నిండా ఎర్రటి రేణువులతో కనిపిస్తుంది. ఆ రేణువుల్లోని ప్రోటీన్లు శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఎముక మజ్జలో ఈ కణం ఎదగాలన్నా, రక్తంలోకి రావాలన్నా, కణజాలంలో బతికి ఉండాలన్నా ఇంటర్‌ల్యూకిన్-5 అనే సంకేత ప్రోటీన్ కావాలి. ఒక సైన్యానికి తిండిగింజలు మోసుకొచ్చే బండ్ల వంటిది ఆ ప్రోటీన్.

ఇంజెక్షన్‌గా ఇచ్చే మెపోలిజుమాబ్ అనే యాంటీబాడీ (ఒక నిర్దిష్ట అణువుకే అతుక్కునే ప్రోటీన్) ఆ బండ్లను దారిలోనే పట్టుకుంటుంది. 2000లో వెలువడిన తొలి ప్రయోగంలో రక్తంలో ఇసినోఫిల్స్ పడిపోయాయి గానీ, అలర్జీ పదార్థం పీల్చినప్పుడు నాళాలు బిగుసుకోవడం తగ్గలేదు. 2007 నాటి పెద్ద ప్రయోగంలోనూ చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. ఇసినోఫిల్ నిర్దోషి అని తీర్పు చెప్పడానికి కొందరు సిద్ధపడ్డారు కూడా. లోపం రోగుల ఎంపికలో ఉంది: అసలు ఆ సైన్యం మోహరించని చోట కూడా తిండి ఆపి, ఫలితం కోసం ఎదురుచూశారు. 2009లో, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ వాడుతున్నా కఫంలో ఇసినోఫిల్స్ ఎక్కువగా కనబడిన 61 మందిని ఎంచుకుని కొందరికి అదే మందు, మిగతావారికి ఉత్తుత్తి మందు ఇచ్చినప్పుడు, జబ్బు తీవ్రంగా తిరగబెట్టడం ఏడాదికి సగటున ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 3.4 సార్లు, అసలు మందు తీసుకున్నవారిలో 2 సార్లు జరిగింది. రోజువారీ లక్షణాలు, ఊపిరి వదిలే సామర్థ్యం మాత్రం పెద్దగా మారలేదు. ఇసినోఫిల్‌కు ఎక్కువ సంబంధం జబ్బు తిరగబెట్టడంతోనే తప్ప, ప్రతి పిల్లికూతతోనూ కాదని అలా తేలింది. అమెరికాలో ఈ మందుకు 2015లో అనుమతి లభించింది.

2017లో వచ్చిన బెన్రాలిజుమాబ్ బండి జోలికి పోదు, తిండి అందుకునే సైనికుణ్ణే పట్టుకుంటుంది. ఇది ఇసినోఫిల్ మీది ఇంటర్‌ల్యూకిన్-5 గ్రాహకానికి, అంటే ఆ సంకేతాన్ని అందుకునే భాగానికి, అతుక్కుంటుంది. సాధారణంగా యాంటీబాడీ తోక భాగానికి ఉండే చక్కెర గొలుసులో ఫ్యూకోజ్ అనే చక్కెర ఉంటుంది. దీని తయారీలో దాన్ని లేకుండా చేస్తారు. అంతమాత్రాన సహజ సంహారక కణాలనే రోగనిరోధక కణాలు ఆ తోకను ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుని, ఇసినోఫిల్‌ను చంపేస్తాయి. ఒక్క చక్కెర అణువు లేకపోవడం ఇంత పని చేస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇసినోఫిల్స్ తక్కువగా ఉన్న ఉబ్బసంలో ఈ రెండు మందులకూ పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. 2021లో అనుమతి పొందిన టెజెపెలుమాబ్ ఇంకా పైమెట్టులో, నాళాల పైపొర కణాలు విడుదల చేసే టీఎస్‌ఎల్‌పీ అనే సంకేతాన్నే అడ్డుకుంటుంది కనుక అటువంటి వారికీ కొంత ఉపకరిస్తుంది. అయినా ఎక్కువ మేలు ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉన్నవారికే. అందుకే ఇంజెక్షన్ గురించి ఆలోచించే ముందు వైద్యులు రక్తపరీక్ష చేయించి, మైక్రోలీటరుకు 150 లేదా 300 ఇసినోఫిల్స్ దాటాయా అని చూస్తారు. స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్న రోజుల్లో ఆ సంఖ్య పడిపోతుంది కనుక, అప్పటి రిపోర్టు ఒక్కదాన్నే చూసి ఈ మందు పనికిరాదని నిర్ణయించకూడదు. పాత రిపోర్టులు కూడా వైద్యులకు చూపించాలి.