డ్రగ్ కేసులో శిక్ష పడితే తిండి సాయం కట్: అమెరికాలో ఈ నిబంధన ఎలా పుట్టింది?

అమెరికాలో 1996 చట్టం ప్రకారం హత్య చేసి జైలుకెళ్లి వచ్చినవాళ్లకు ఫుడ్ స్టాంపులు, అంటే తిండి సరుకులు కొనుక్కోవడానికి పేదలకు ప్రభుత్వం చేసే సాయం, ఇవ్వొచ్చు. దోపిడీ చేసినవాళ్లకూ ఇవ్వొచ్చు. డ్రగ్ కేసులో ఫెలనీ కింద, అంటే పెద్ద నేరం కింద, శిక్ష పడినవాళ్లకు మాత్రం బతికున్నంతకాలం ఇవ్వకూడదు. అమ్మినా, దగ్గర పెట్టుకుని దొరికినా, వాడినా ఒకటే. ఆ ఏడాది ఆగస్టు 22న అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం పెట్టిన సంక్షేమ సంస్కరణల చట్టంలోని 115వ సెక్షన్ సారాంశం ఇది. ఫుడ్ స్టాంపులతో పాటు, పిల్లలున్న పేద కుటుంబాలకు నెలనెలా ఇచ్చే నగదు సాయం కూడా ఇందులోకే వచ్చింది.

ఇంత పెద్ద నిర్ణయానికి ముందు సెనేట్‌లో చర్చ జరిగింది రెండు నిమిషాలు. సవరణ తెచ్చిన టెక్సస్ సెనేటర్ ఫిల్ గ్రామ్ వైపు ఒక నిమిషం, ఎదుటి పక్షానికి ఒక నిమిషం. డ్రగ్స్ చట్టాలను ఉల్లంఘించేవాళ్లకు ప్రభుత్వమే డబ్బులిస్తే ఆ చట్టాలకు విలువేముంటుందన్నది గ్రామ్ వాదన. అది ఎన్నికల ఏడాది. అంతకుముందు రెండు సంక్షేమ బిల్లులను తిప్పికొట్టిన క్లింటన్ మూడోదాన్ని ఆపలేదు.

ఈ ఆలోచన ఒక్కరోజులో ఊడిపడలేదు. 1986 జూన్‌లో లెన్ బయాస్ అనే కుర్రాడు, బోస్టన్ సెల్టిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు ఎంచుకున్న రెండు రోజులకే, కొకైన్ వల్ల చనిపోయాడు. దేశం ఉలిక్కిపడింది. కొన్ని నెలల్లోనే కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, కఠిన చట్టం చేసింది. పొడి కొకైన్ 500 గ్రాములతో దొరికితే కనీసం అయిదేళ్ల జైలు. అదే క్రాక్ అనే చవక రకమైతే 5 గ్రాములకే ఆ శిక్ష. క్రాక్ కేసుల్లో ఎక్కువగా శిక్షపడింది నల్లజాతి వాళ్లకు. 2010లో ఆ తేడాను వందరెట్ల నుంచి పద్దెనిమిది రెట్లకు తగ్గించారు గానీ పూర్తిగా తీసేయలేదు.

1988లో ఇంకో చట్టం వచ్చింది. డ్రగ్ కేసుల్లో శిక్షపడ్డవాళ్లకు కొన్ని కేంద్ర ప్రయోజనాలు నిలిపివేసే అధికారం జడ్జీలకు ఇచ్చింది. కానీ ఆ జాబితాలోంచి పేదల సంక్షేమ సాయాన్ని, వైద్యాన్ని, వికలాంగుల సాయాన్ని పేరుపెట్టి మరీ మినహాయించారు. డ్రగ్స్ మీద దేశమంతా ఊగిపోతున్న రోజుల్లో కూడా తిండి దగ్గరికి వచ్చేసరికి చట్టం చేసేవాళ్లు ఆగారన్నమాట. ఎనిమిదేళ్లకు ఆ గీత చెరిగిపోయింది.

పేరుకు నిషేధం ఒక్క మనిషి మీదే. కోత మాత్రం ఇంటిల్లిపాదికీ పడుతుంది. ఒక తల్లి, ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు తీసుకుందాం. 2024-25 లెక్కల్లో ముగ్గురికి నెలకు గరిష్ఠ సాయం 768 డాలర్లు, ఇద్దరికి 536. తల్లికి డ్రగ్ ఫెలనీ ఉంటే ఆమెను మనిషిగా లెక్కలోంచి తీసేస్తారు, ఆమె సంపాదనను మాత్రం పూర్తిగా లెక్కలో ఉంచుతారు. మినహాయింపులు పోను ఆమె ఆదాయం 500 డాలర్లయితే, అందులో 30 శాతం, అంటే 150, సాయంలోంచి కోస్తారు. మామూలుగా 618 రావలసిన ఇంటికి 386 వస్తాయి. ఆ 386తో వండిన అన్నం తల్లి కూడా తింటుంది కదా! కోర్టులో పడిన శిక్ష అయిపోయాక కూడా పిల్లల కంచంలో కోత కొనసాగుతుంది.

దెబ్బ ఇంకోచోట కూడా తగిలింది. డ్రగ్స్ మాన్పించే రెసిడెన్షియల్ కేంద్రాలు చాలావరకు తమ దగ్గరున్నవాళ్ల ఫుడ్ స్టాంపుల మీదే భోజనాల ఖర్చు నెట్టుకొచ్చేవి. మానుకుందామని వచ్చినవాళ్లకే ఆ సాయం ఆగిపోతే కేంద్రానికి ఏం మిగులుతుంది? ఆ రెండు నిమిషాల్లో ఈ ప్రశ్నకు తీరిక ఎక్కడిది!

అదే ఊపులో మిగతా తలుపులూ మూశారు. ప్రభుత్వ ఇళ్లలో ‘ఒక్క తప్పుకే అవుట్’ విధానం వచ్చింది. ఇంట్లోవాళ్లో, వచ్చిపోయేవాళ్లో డ్రగ్స్‌తో దొరికితే, ఆ సంగతి తెలియని అద్దెదారునైనా ఖాళీ చేయించవచ్చని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు ఓక్లాండ్‌లోని వృద్ధులది. కాలేజీ ఆర్థిక సాయానికి 1998లో పడిన అడ్డు, 2006లో కాస్త సడలి, 2020 డిసెంబరులో చేసిన చట్టంతో తొలగిపోయింది.

115వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. నిషేధం వద్దనుకున్న రాష్ట్రం తన శాసనసభలో చట్టం చేసి బయటపడవచ్చు, లేదా సడలించుకోవచ్చు. ఏమీ చేయకపోతే నిషేధమే. అందుకే మార్పు ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. డ్రగ్ కేసువాళ్ల పక్షాన సభలో లేచి మాట్లాడాలంటే ఏ నాయకుడికైనా టెన్షనే. గ్రామ్ సొంత రాష్ట్రం టెక్సస్ ఫుడ్ స్టాంపుల విషయంలో మెత్తబడింది 2015లో. జార్జియా 2016లో, మిసిసిపీ 2019లో నిషేధం ఎత్తేశాయి. సడలించిన చోట్ల కొన్నిటిలో డ్రగ్ టెస్టులు, చికిత్స పూర్తిచేయడం వంటి షరతులు పెట్టారు. ఫుడ్ స్టాంపులపై పూర్తి నిషేధాన్ని పట్టుకుని చివరికి మిగిలింది సౌత్ కరోలినా ఒక్కటే. నగదు సాయం దగ్గర మాత్రం మరికొన్ని రాష్ట్రాలు ఇంకా బిగదీసుకునే ఉన్నాయి.

ఈ పాత కథ మనకెందుకంటే, ఆంధ్రప్రదేశ్‌లో గంజాయి కట్టడికి 2024 చివర్లో ఈగల్ విభాగం ఏర్పాటవుతున్న రోజుల్లో, గంజాయి కేసుల్లో ఉన్న కుటుంబాలకు సంక్షేమ పథకాలు ఆపాలన్న మాట ప్రభుత్వంలోనే వినిపించింది. వినేవాళ్లకు న్యాయంగానే అనిపిస్తుంది. గ్రామ్ మాటా అప్పట్లో అలాగే అనిపించింది. కాకపోతే మన రేషన్ కార్డు ఇంటి మొత్తానికి ఒకటే. అమెరికా చట్టం ఎంత కఠినమైనదైనా పిల్లల పేర్లను జాబితాలో ఉంచింది, శిక్ష ఖరారయ్యాకే కోత పెట్టింది. కుటుంబం మొత్తానికి ఆపడం, అదీ కేసు దశలోనే ఆపడం అంటే, గ్రామ్ సవరణ కూడా అంత దూరం వెళ్లలేదు.