స్ట్రాబెరీ హిల్ ప్రెస్: అపోహలు - వాస్తవాలు

పాత ఇంగ్లిష్ పుస్తకాలకు క్యాటలాగ్ రాయడం నా పని. "దొరగారు బంగళాలో సొంతంగా వేసిన పుస్తకం, చాలా అరుదు" అంటూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఆ మాట ఎక్కువగా వినిపించేది లండన్ దగ్గర ట్వికెన్‌హామ్‌లోని తన ఇల్లు స్ట్రాబెరీ హిల్‌లో ఇంగ్లిష్ రచయిత హొరేస్ వాల్‌పోల్ 1757లో పెట్టిన ప్రెస్ గురించే.

అపోహ: ఆయనే స్వయంగా అచ్చువేసేవాడు.
వాస్తవం: ఏది వేయాలి, ఎవరికి ఇవ్వాలి అన్నది ఆయన ఇష్టం. చాకిరీ మాత్రం జీతగాళ్లది. మొదట విలియం రాబిన్సన్ అనే ఐరిష్ ప్రింటర్, 1765 నుంచి థామస్ కిర్గేట్. ఆ కాలపు చెక్క ప్రెస్‌లో మీట ఒక్కసారి లాగితే ఫారంలో (కాగితానికి ఒక వైపు అచ్చుకు పేర్చి బిగించిన అక్షరాల చట్రంలో) సగమే పడుతుంది. కాగితానికి ఒక్కో వైపు రెండుసార్లు లాగాలి. ఇక 2000 ప్రతులంటే ఒళ్లు హూనమే.

అపోహ: అన్నీ స్నేహితులకు పంచిన కొద్ది ప్రతులే.
వాస్తవం: ఆ 2000 లెక్క ఈ ప్రెస్ మొదటి పుస్తకానిదే, కవి థామస్ గ్రే రాసిన రెండు ఓడ్‌లది (ఓడ్ అంటే ఒక రకం గంభీరమైన కవిత). లండన్‌లో పుస్తకాల వ్యాపారి డాడ్‌స్లీ కొట్లో అమ్మారు. తల్లీకొడుకుల మధ్య అక్రమ సంబంధం గురించి వాల్‌పోల్ రాసిన నాటకం "ది మిస్టీరియస్ మదర్" మాత్రం 1768లో 50 ప్రతులే. అది బజారున పెట్టే సరుకు కాదు మరి.

అపోహ: వాల్‌పోల్ నవల "ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో" ఇక్కడే అచ్చయింది.
వాస్తవం: కాదు. 1764 చివర్లో లండన్‌లో వేయించాడు, అదీ ఇటాలియన్ నుంచి అనువాదమని మారుపేరుతో. ఇంట్లో వేస్తే గుట్టు రట్టవదూ!

అపోహ: ముఖపత్రం మీది సంవత్సరమే అచ్చైన సంవత్సరం.
వాస్తవం: అసలు తలనొప్పి ఇదే. కిర్గేట్ కొన్ని చిన్న రచనల్ని పాత తేదీతోనే గుట్టుగా మళ్లీ వేశాడు. గ్రంథ పరిశోధకుడు అలెన్ హేజెన్ 1942లో ఈ ప్రెస్ పుస్తకాల మీద వేసిన గ్రంథసూచిలో కాగితాన్ని, టైపును పోల్చి ఈ సంగతి బయటపెట్టాడు. ముప్పై ఏళ్లకు పైగా కొలువు చేసిన కిర్గేట్‌కు యజమాని వీలునామాలో దక్కింది 100 పౌండ్లే. కడుపుమంట ఉంటే ఉండవచ్చు, దొంగ ప్రతులు దొంగ ప్రతులే.

ఎవరైనా ఇలాంటి ప్రతి తెస్తే ముందు ఓ కాగితం లైటుకు ఎదురుగా పెట్టి చూస్తాను. కాగితం సుంకం గురించిన 1794 చట్టం తర్వాతే ఇంగ్లండ్ మిల్లులు వాటర్‌మార్క్‌లో (వెలుగుకు పెడితే కాగితంలో కనిపించే గుర్తులో) ఏడాది వేయడం మామూలైంది. ముఖపత్రం మీద 1760ల తేదీ, కాగితంలో 1794 కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. ఏడాది కనిపించకపోతే అసలైనదని కాదు, అప్పుడు అక్షరాల అరుగుదల చూడాలి.