“వంద శాతం వచ్చింది సార్!”: అలైన్‌మెంట్ అపోహలు, వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగోసారి. ఫోనుకు ఒక స్క్రీన్ ఫొటో, దాని కింద ఒకే వాక్యం: “సార్, వంద శాతం మ్యాచ్ వచ్చింది, థీసిస్‌లో రాసేయమంటారా?” డీఎన్‌ఏ లేదా ప్రోటీన్ అక్షరాల వరసను (సీక్వెన్సును) మరో వరసతో పక్కపక్కన పేర్చి పోల్చడమే అలైన్‌మెంట్, ఆ పని చేసే బ్లాస్ట్ అనే ప్రోగ్రాం ఇచ్చిన పట్టిక అది. ఫొటోలో శాతం ఉన్న గడి ఒక్కటే ఉంటుంది, మిగతా పట్టికంతా కత్తిరించేసి ఉంటుంది. నాకు కావలసింది ఆ కత్తిరించిన భాగమే.

అపోహ: ఐడెంటిటీ శాతం, అంటే అచ్చంగా కలిసిన అక్షరాల శాతం, ఎంత ఎక్కువైతే సాక్ష్యం అంత గట్టిది.

వాస్తవం: ఎంత పొడవు మీద వచ్చిందో తెలియని శాతానికి విలువ లేదు. బ్లాస్ట్ చేసేది లోకల్ అలైన్‌మెంట్. మీ సీక్వెన్సును మొదటి నుంచి చివరిదాకా పోల్చాలన్న పట్టింపు దానికి లేదు. బాగా అతికే ముక్కను పట్టుకుని, ఆ ముక్క వరకే శాతం కడుతుంది. తిరుపతి బస్టాండులో నిలబడి బోర్డులు చదవండి: తిరుచానూరు, తిరుత్తణి, తిరువణ్ణామలై. మొదటి రెండు అక్షరాల మీద అన్నీ నూటికి నూరు పాళ్లు ఒకటే. అంతవరకే చదివి బస్సెక్కితే అమ్మవారి దర్శనానికి బయలుదేరినవారు అరుణాచలంలో దిగుతారు.

శ్రీకాళహస్తి నుంచి వచ్చే ఒక పరిశోధక విద్యార్థిని సంగతి చెబుతాను. వేరుశనగలో ఒక జన్యువును క్లోన్ చేశానని ఎనిమిది నెలలుగా దాని మీదే పనిచేస్తోంది. చేతిలో 900 అక్షరాల సీక్వెన్స్ ఉంది. దాన్ని తెలిసిన జన్యువుతో జోడీగా పెట్టి పోల్చింది. మొదట, పొడుగు పోలికలనే పట్టే మెగాబ్లాస్ట్ పద్ధతిలో ఏమీ రాలేదు. ఎవరో చిన్న ముక్కలనూ పట్టే బ్లాస్ట్‌ఎన్‌కు మార్చమన్నారట, మార్చింది, వంద శాతం వచ్చింది. మా ఇంట్లో కూర్చుని ఆ పట్టికే మళ్లీ తెరిచాం. శాతం గడికి రెండు గడులు ఎడమగా క్వెరీ కవరేజ్ ఉంటుంది, అంటే మన సీక్వెన్సులో ఎంత శాతం పోలికలోకి వచ్చిందో చెప్పే అంకె. అక్కడ 2 అని ఉంది. 900లో సరిపోయినవి 22 అక్షరాలు. జన్యువును కాపీ చేయడం మొదలుపెట్టడానికి మనం వేసే చిన్న డీఎన్‌ఏ ముక్కే ప్రైమర్, దాని కాగితం తీయమన్నాను. ఆ 22 అక్షరాలూ ఆమె ఫార్వర్డ్ ప్రైమరే.

“మరి ఈ-వాల్యూ చిన్నదే ఉంది కదా సార్?” అంది. అవును, చిన్నదే. ఇలాంటి పోలిక కాకతాళీయంగా వచ్చే అవకాశం తక్కువ అనే కదా దాని అర్థం. నిజంగానే కాకతాళీయం కాదు. ఆ అక్షరాలను ప్రైమర్ రూపంలో మనమే పీసీఆర్ ట్యూబులో, అంటే డీఎన్‌ఏను కాపీలు చేసి పెంచే ట్యూబులో, వేశాం. అడిగిన ప్రశ్నకు బ్లాస్ట్ సరిగ్గానే జవాబు చెప్పింది, మనం అడగాల్సిన ప్రశ్న వేరు. అదే సీక్వెన్సును మొత్తం డేటాబేస్ మీద పెట్టగానే పై వరసల్లో అన్నీ బ్యాక్టీరియా పేర్లు, 97 కవరేజ్‌తో. ఆకుతో పాటు ఆకులో కాపురమున్న సూక్ష్మజీవి డీఎన్‌ఏ కూడా వచ్చి పెరిగిందన్నమాట. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తప్పు ఆమె ఒక్కదానిదీ కాదు. ఎనిమిది నెలల్లో ఆ ఫలితం చూసిన పెద్దవాళ్లలో ఒక్కరైనా ఎడమ వైపు చూడాల్సింది.

ఈ అపోహే బజారున పడితే ఏమవుతుందో 2020లో చూశాం. కరోనా వైరస్ స్పైక్ ప్రోటీన్‌లో హెచ్‌ఐవీ ముక్కలు ఉన్నాయంటూ ఆ జనవరి 31న ఒక ముందస్తు ప్రతి (ఇతర శాస్త్రవేత్తలు ఇంకా పరిశీలించని పరిశోధనా పత్రం) వచ్చింది, రెండు మూడు రోజుల్లోనే రాసినవారే వెనక్కి తీసుకున్నారు. పుకారు మాత్రం వెనక్కి పోలేదు. మా వీధి పెద్దాయన భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు నన్ను పక్కకు పిలిచి, “సార్, మీరు అదే పని చేస్తారు కదా, మా ఆవిడకు ఎయిడ్స్ కూడా అంటుకున్నట్లేనా?” అని అడిగారు. ఆయన చేతులు వణుకుతున్నాయి. కాదని చెప్పాను, తర్వాత లెక్క చూపించాను. ఆ ముక్కల్లో రెండు ఆరేసి అమైనో ఆమ్లాలవి. అమైనో ఆమ్లాలు ఇరవై రకాలు, ఒక్కోదాన్ని ఒక్కో అక్షరంతో రాస్తాం. ఆ ఇరవై అక్షరాలతో ఆరు స్థానాలు నింపడానికి 6.4 కోట్ల విధాలున్నాయి. స్విస్‌ప్రాట్ అనే చిన్న ప్రోటీన్ డేటాబేస్‌లోనే 20 కోట్లకు పైగా అమైనో ఆమ్లాలున్నాయి. అంటే ఏ ఆరు అక్షరాలు తీసుకున్నా అక్కడ కాకతాళీయంగానే దాదాపు మూడుచోట్ల తగలాలి. పెద్ద డేటాబేస్‌లలో చెప్పనక్కర్లేదు. పుకారు పంపినవాళ్లకు ఈ గుణకారం చేసే ఓపిక లేకపోయింది, ఆయనకు మాత్రం రెండు రాత్రులు నిద్ర లేకుండా పోయింది.

దీనికి తిరగేసిన అపోహ ఒకటుంది: శాతం తక్కువైతే సంబంధం లేనట్లే. కండరాల్లో ఉండే మయోగ్లోబిన్ ప్రోటీన్‌ను రక్తంలోని హిమోగ్లోబిన్ గొలుసుతో పోల్చండి. దాదాపు 25 శాతమే కలుస్తాయి. కానీ పొడవునా కలుస్తాయి, మడత ఒకటే, పూర్వీకుడూ ఒకడే. డీఎన్‌ఏలో 25 శాతమంటే మాత్రం ఏమీ లేనట్లే, నాలుగే అక్షరాలు కాబట్టి ఉత్తుత్తిగా కూడా అంత కలుస్తుంది. అందుకే దూరపు చుట్టరికాలు వెతికేటప్పుడు ప్రోటీన్‌గా మార్చి పోల్చమని పోరుపెడతాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. “80 శాతం హోమాలజీ” అని రాయకండి. హోమాలజీ అంటే ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన చుట్టరికం. మీ మేనమామ మీకు 80 శాతం మేనమామా? చుట్టరికం ఉంటుంది లేదా ఉండదు, శాతం పోలికకే. ఈ-వాల్యూ డేటాబేస్ పరిమాణాన్ని బట్టి మారుతుంది, నిరుటి అంకెను ఈ ఏటి అంకెతో పోల్చి కంగారుపడకండి. స్మిత్, వాటర్‌మన్ 1981లో ఇచ్చిన పద్ధతి అత్యుత్తమ లోకల్ అలైన్‌మెంట్‌ను తప్పక ఇస్తుంది. 1990లో వచ్చిన బ్లాస్ట్ వేగం కోసం అడ్డదారి తొక్కుతుంది, అప్పుడప్పుడు వదిలేస్తుంది కూడా. గ్యాప్ పెనాల్టీలను, అంటే అలైన్‌మెంట్‌లో ఖాళీలు వదిలినందుకు తగ్గించే మార్కులను, మీకు కావలసిన ఫలితం వచ్చేదాకా తిప్పడం గురించి మర్యాదగా చెప్పడం నాకు రాదు.

ఈ తిరుపతిలో ఉన్నందుకు నాకు మాత్రమే వచ్చే ప్రశ్నతో ఆపుతాను. మొక్కలను గుర్తుపట్టడానికి చదివే ఆర్‌బీసీఎల్ అనే జన్యువు సీక్వెన్స్ 99 శాతం కలిసింది కాబట్టి ఈ చెక్క ఎర్రచందనమే కదా? చెప్పలేను. ఆ జన్యువు చాలా నెమ్మదిగా మారుతుంది. శేషాచలం ఎర్రచందనానికీ, అదే ప్రజాతికి చెందిన వేగిసకూ మధ్య దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే తేడా దొరకడం కష్టం. ఇక్కడ కవరేజ్ వంద ఉన్నా ఉపయోగం లేదు, మాట్‌కే, ఐటీఎస్ లాంటి ఇతర డీఎన్‌ఏ భాగాలు కూడా చదివించాలి, చెక్క కోతను సూక్ష్మదర్శినిలో చూసేవారినీ అడగాలి. నాకు సీక్వెన్స్ ఫైలు పంపితే చాలు. దయచేసి దుంగ ముక్క మాత్రం సంచిలో పెట్టుకుని మా ఇంటికి రాకండి, అటవీశాఖ వాళ్లకు నేను ఏ ఈ-వాల్యూ చూపించి నచ్చజెప్పాలి?