క్లస్టర్ మీద విండో రావట్లేదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో వాతావరణం, సముద్రం మీద రిసెర్చ్ చేసే పిల్లలు క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) గురించి నా దగ్గరకు తరచూ తెచ్చే సమస్య ఇది: "సార్, లాగిన్ అవుతోంది, జాబ్ కూడా మొదలైంది, కానీ విండో రావట్లేదు." స్క్రీన్ మీద 'కాంట్ ఓపెన్ డిస్‌ప్లే' అని ఒక్క లైన్ ఉంటుంది. థీసిస్ గడువు నెత్తిమీద ఉన్నవాళ్లకు టెన్షన్ పెట్టడానికి అది చాలు. నిజానికి చాలాసార్లు పది నిమిషాల్లో తేలిపోయే విషయమే. కొన్ని అపోహలు అడ్డుపడి రోజులు తినేస్తాయి.

అపోహ: నెట్ బాగోలేదు, అందుకే రావట్లేదు.

వాస్తవం: నెట్ నెమ్మదిగా ఉంటే విండో నెమ్మదిగా వస్తుంది, అంతే. ఈ ఎర్రర్ వచ్చిందంటే బొమ్మ ఎక్కడ గీయాలో ప్రోగ్రామ్‌కు తెలియలేదు, లేదా అక్కడికి దారి దొరకలేదు. దూరపు కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ విండోను మన స్క్రీన్ మీద చూపే ఎక్స్ (ఎక్స్11) పద్ధతిలో, బొమ్మ గీసే సర్వర్ ఉండేది మన ల్యాప్‌టాప్‌లో. క్లస్టర్‌లో నడిచే ఎన్‌సీవ్యూ (డేటా ఫైళ్లను బొమ్మగా చూపే ప్రోగ్రామ్) దానికి క్లయింట్. కాబట్టి ఎక్స్ సర్వర్, అంటే విండోస్‌లో మోబాఎక్స్‌టర్మ్ గానీ వీసీఎక్స్‌సర్వ్ గానీ, మ్యాక్‌లో ఎక్స్‌క్వార్ట్జ్ గానీ ముందే నడుస్తూ ఉండాలి.

అపోహ: డిస్‌ప్లే వేరియబుల్‌లో (విండో ఎక్కడికి పంపాలో చెప్పే సెట్టింగ్) విలువ కనిపిస్తోందిగా, అంతా సరిగానే ఉన్నట్టు.

అసలు చిక్కంతా ఇక్కడే. 2014 అక్టోబరు 12న మన తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను మీద డబ్ల్యూఆర్‌ఎఫ్ వాతావరణ మోడల్ నడిపి, గాలుల మ్యాప్ చూడాలని ఒక విద్యార్థి కూర్చున్నాడనుకోండి. దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌కు హైఫన్ పెద్ద ఎక్స్ తగిలించి, క్లస్టర్‌లో అందరూ ముందు చేరే లాగిన్ నోడ్‌కు వెళ్లాడు. అక్కడ డిస్‌ప్లే 'లోకల్‌హోస్ట్:10.0' అని ఉంది, ఎక్స్‌క్లాక్ కొడితే గడియారం వచ్చింది. ఎస్‌రన్ కమాండ్‌తో, అసలు లెక్కలు నడిచే కంప్యూట్ నోడ్‌లోకి దిగాడు. అక్కడా అదే 'లోకల్‌హోస్ట్:10.0'. కానీ గడియారం రాదు. ఎందుకంటే క్లస్టర్‌లో జాబ్‌లు పంచే స్లర్మ్ లాగిన్ నోడ్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను అలాగే మోసుకుపోతుంది. లోకల్‌హోస్ట్ అంటే ఇప్పుడు కంప్యూట్ నోడే, అక్కడ 6010 పోర్టులో వినేవాళ్లెవరూ లేరు. ఎస్‌రన్‌కు రెండు హైఫన్లతో ఎక్స్11 ఆప్షన్ ఇస్తే స్లర్మ్ కంప్యూట్ నోడ్ దాకా సొరంగం వేస్తుంది. ఈ సదుపాయం 17.11 వెర్షన్ నుంచి స్లర్మ్‌లోనే ఉంది. అయితే కాన్ఫిగ్ ఫైల్లో ప్రోలాగ్‌ఫ్లాగ్స్‌కు ఎక్స్11 పెట్టాల్సింది అడ్మిన్. ఆప్షన్ ఇచ్చినా రాకపోతే అప్పుడు వాళ్లకు రాయండి. ఏ నోడ్ దాకా ఎక్స్‌క్లాక్ వచ్చిందో ఆ మెయిల్లో తప్పకుండా చెప్పండి, సగం పని అక్కడే అయిపోతుంది.

లాగిన్ నోడ్‌లోనే డిస్‌ప్లే ఖాళీగా ఉంటే హైఫన్ పెద్ద ఎక్స్ మరిచిపోయారేమో చూడండి. ఇచ్చినా ఖాళీగానే ఉంటే సర్వర్ వైపు ఫార్వర్డింగ్ ఆపేసి ఉండొచ్చు, లేదా అక్కడ విండోకు అనుమతి కుకీ చూసుకునే ఎక్స్‌ఆత్ ఇన్‌స్టాల్ అయి ఉండకపోవచ్చు.

అపోహ: నిన్న వచ్చింది, ఇవాళ రావట్లేదంటే ఎవరో సెట్టింగ్ మార్చేశారు.

ముందు మీ హోమ్ కోటా, అంటే క్లస్టర్‌లో మీ హోమ్ ఫోల్డర్‌కు ఇచ్చిన చోటు, చూసుకోండి. డబ్ల్యూఆర్‌ఎఫ్ అవుట్‌పుట్ ఫైళ్లు హోమ్‌లోనే పడేస్తే అది ఇట్టే నిండిపోతుంది. నిండితే ఎక్స్‌ఆత్ తన కుకీని హోమ్‌లోని ఎక్స్‌అథారిటీ ఫైల్లో రాయలేకపోతుంది. లాగిన్ మామూలుగానే అవుతుంది, విండో మాత్రం రాదు. పాత ఫైళ్లు స్క్రాచ్‌కు (పెద్ద ఫైళ్లకు ఉండే తాత్కాలిక చోటు) తరలించి మళ్లీ లాగిన్ అవ్వండి.

అపోహ: ఎక్స్‌హోస్ట్ ప్లస్ కొడితే సరిపోతుంది.

దయచేసి కొట్టకండి. ఎస్ఎస్‌హెచ్ దారిలో దాని అవసరమే లేదు. అలా తలుపు తీసేస్తే మీ ఎక్స్ సర్వర్‌ను చేరగలిగిన ఎవరైనా మీరు కొట్టే పాస్‌వర్డ్‌తో సహా చదవగలరు.

మొదట్లో విండోలు వచ్చి, దాదాపు 20 నిమిషాల తర్వాత కొత్తవి తెరుచుకోకపోతే అది వేరే సంగతి. హైఫన్ పెద్ద ఎక్స్‌తో వచ్చే అన్‌ట్రస్టెడ్ (పూర్తిగా నమ్మని) పద్ధతికి ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ డిఫాల్ట్ గడువు అంతే. నమ్మకమైన క్లస్టర్ అయితే హైఫన్ పెద్ద వై వాడొచ్చు.

అపోహ: ల్యాప్‌టాప్ మూసినా విండో అక్కడ నడుస్తూనే ఉంటుంది.

ఉండదు. కనెక్షన్ తెగితే ఎక్స్ ప్రోగ్రామ్ సాధారణంగా దానితోపాటే పోతుంది. కరెంటు పోయి వైఫై ఆగినా అంతే. గంటల తరబడి పనైతే కంప్యూట్ నోడ్‌లో వీఎన్‌సీ (అక్కడే నడుస్తూ ఉండే డెస్క్‌టాప్) సెషన్ పెట్టుకోండి, తిరిగి వచ్చి చేరొచ్చు. త్రీడీ బొమ్మలకు ప్యారావ్యూ సర్వర్‌ను క్లస్టర్‌లో నడిపి, క్లయింట్‌ను ల్యాప్‌టాప్‌లో తెరవడం మేలు. కేవలం మ్యాప్‌లు గీయడానికే అయితే విండోనే అక్కర్లేదు. పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో, విండో లేకుండా ఫైల్లోకే గీసే ఆగ్ బ్యాకెండ్ పెట్టి, జాబ్‌ను వరుసలో పెట్టే ఎస్‌బ్యాచ్‌కు ఇచ్చేయండి, పొద్దునకు పీఎన్‌జీ ఫైళ్లు సిద్ధంగా ఉంటాయి.